పట్టపగలు లైట్లు

ఇంట్లో అందరూ ఆమెను చిట్టి అని పిలిచేవారు. ఆ ఇంటి చిన్నకోడలు. కారు వెనక సీట్లో కూర్చుంటే ఆమెకు కడుపులో తిప్పుతుంది. అందుకని ఎక్కడికి వెళ్ళినా ముందు సీటు ఆమెదే. మొదట్లో తోడికోడలు దీనికి మూతి ముడిచింది గానీ, ఒక ప్రయాణంలో చిట్టి ఆవిడ ఒళ్ళోనే వాంతి చేసుకున్నాక, "అమ్మా తల్లీ, నీకో దణ్ణం, నువ్వు ముందే కూర్చో" అని చేతులెత్తేసింది.

ఆ రోజు కూడా చిట్టి ముందే కూర్చుంది. కారు నడుపుతున్నది బావగారు, అంటే ఆమె భర్తకు అన్న. వెనక సీట్లో అత్తగారు. ఆవిడకు కళ్ళ పరీక్ష చేయించి ఇంటికి వస్తున్నారు. డాక్టరు చుక్కల మందు వేయడంతో ఆవిడకు అంతా మసకగా ఉంది. కొంగు మొహం మీద కప్పుకుని గుర్రు పెడుతోంది.

ఆసుపత్రి దగ్గర బయలుదేరినప్పుడు జోరుగా వాన. బావగారు లైట్లు వేశారు. దారిలో వాన తగ్గింది, ఎండ కూడా వచ్చింది. లైట్లు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. ఎదురుగా వచ్చిన మోటారు సైకిలాయన వీళ్ళను చూసి అరచెయ్యి తెరిచి మూశాడు. తర్వాత ఒక లారీ డ్రైవరు అలాగే చేశాడు. ఆ వెనకాలే జీపులోంచి ఒక పెద్దాయన, లోకంలో ఇంతకు మించిన ఉపద్రవం లేదన్నట్టు, సగం ఒళ్ళు బయటపెట్టి మరీ చెయ్యి ఊపాడు.

చిట్టికి సిగ్గేసింది. "బావగారూ, మన లైట్లు వెలుగుతున్నట్టున్నాయి. అందరూ చెయ్యి చూపిస్తున్నారు" అంది.

"అరె, మర్చేపోయాను" అన్నారు బావగారు. "లోకానికంతా మన బ్యాటరీ మీదే బెంగ, చూశావా?" అని నవ్వి లైట్లు ఆపేశారు.

ఆ తర్వాత వచ్చేది చెట్ల రోడ్డు. రెండు వైపులా మానులు పైన కలిసిపోయి ఉంటాయి. ఎంత ఎండలోనైనా కింద సగం నీడ, సగం వెలుగు. కిందటేడు అక్కడ వరసగా ప్రమాదాలు జరిగాక, ఈ రోడ్డు మీద పగలు కూడా లైట్లు వేసుకునే వెళ్ళాలని కొత్త నిబంధన పెట్టి, రోడ్డు మొదట్లోనే ఒక పసుపు బోర్డు పాతారు. దాన్ని చూసి నవ్వుకోని వాళ్ళు లేరు. బావగారు కూడా, "పట్టపగలు దీపాలు పెట్టుకుని తిరగడానికి మనమేమన్నా గుడ్డివాళ్ళమా?" అని ఇంట్లో చాలాసార్లు అన్నారు. ఆ రోజు ఆ బోర్డు పక్కనుంచే వెళ్ళారు. చిట్టి చూసింది. చూసీ ఏమీ అనలేదు. ఆపమని చెప్పి నిమిషం కాకుండానే మళ్ళీ వెయ్యమంటే ఏం బాగుంటుంది?

వాళ్ళ కారు బూడిదరంగు. తడిసిన రోడ్డుదీ అదే రంగు.

రోడ్డు సగంలో ఎడమ వైపు సందులోంచి ఒక స్కూటరు వచ్చి ఆగింది. నడుపుతున్నావిడ అటు చూసింది, ఇటు చూసింది. చిట్టికి ఆవిడ మొహం స్పష్టంగా కనపడింది. ఆవిడ సరిగ్గా వీళ్ళ వైపే చూసింది. చూసి, నింపాదిగా రోడ్డు మీదికి వచ్చేసింది.

హారను, బ్రేకు, ఆ తర్వాత చప్పుడు.

చిట్టి తలుపు తీసుకుని దిగింది. తలుపు పట్టుకునే నిలబడిపోయింది. అత్తగారు, "ఏమైందే? ఏమైందే?" అని అరుస్తోంది. బావగారు పరుగెత్తారు. ఎవరో ఇద్దరు సాయం పట్టారు. స్కూటరావిడను కారులోకి ఎక్కించి, అత్తగారిని దింపి, బావగారే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వెళ్తున్నప్పుడు లైట్లు వేసుకున్నారు. అవి అలా వెలుగుతూ వెళ్ళిపోవడం చిట్టి చూసింది.

తర్వాత బావగారు తిరిగొచ్చారు, పోలీసు వచ్చాడు. కొలతలు తీసుకున్నాడు. "లైట్లు వేసున్నాయా?" అని అడిగాడు.

బావగారు ఒక్కసారి చిట్టి వైపు చూశారు. "ఉన్నాయండీ" అన్నారు.

"ఏమ్మా?" అన్నాడు పోలీసు.

చిట్టి తలూపింది. అంతే. ఆ తలూపడమే అతని కాగితంలో నాలుగు వాక్యాలైంది.

*

వాళ్ళ ఇల్లు రైలు పెట్టెలా ఉంటుంది. వరసగా మూడు గదులు, చివర వంటిల్లు, దాని పక్కన బాత్రూము. మధ్య గది చిట్టి దంపతులది. ఎవరు వంటింట్లోకి వెళ్ళాలన్నా, స్నానానికి వెళ్ళాలన్నా ఆ గదిలోంచే వెళ్ళాలి. అత్తగారు తెల్లవారుజామున అటు వెళ్తూ, "నేను కళ్ళు మూసుకునే వెళ్తున్నా, మీరు పడుకోండి" అని పెద్దగా చెప్పి వాళ్ళిద్దరినీ నిద్ర లేపేది. పెళ్ళయిన కొత్తలో చిట్టికి ఇది నవ్వులాటగా ఉండేది. ప్రమాదం జరిగాక ఆ గదిలో ఊపిరి ఆడడం మానేసింది.

ఎవరూ ఆమెను బెదిరించలేదు. బెదిరిస్తే తేలికగా ఉండేదేమో. బావగారు స్కూలు పిల్లల వ్యాను నడుపుతారు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఎక్కువగా ఆ వ్యాను మీదే. చిట్టి భర్త ఫ్రిజ్జులు బాగుచేస్తాడు. వేసవిలో తీరిక ఉండదు, చలికాలంలో పని ఉండదు. బావగారు ఏనాడూ ఆమెను పరుషంగా ఒక్క మాట అనలేదు. పెళ్ళయ్యాక ఆమె పని నేర్చుకుంటానంటే అత్తగారు వద్దన్నా, "చేతిలో పని ఉంటే మనిషి ధైర్యంగా ఉంటుందమ్మా" అని కట్టుడు పళ్ళు తయారుచేసే వర్క్‌షాపులో చేర్పించింది ఆయనే. రోజూ తన వ్యానులోనే అక్కడ దింపేవారు. అలాంటి మనిషి, ప్రమాదం జరిగిన మర్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి, నేల చూస్తూ అన్నారు: "తల్లీ, లైట్లు లేవని తేలితే లైసెన్సు లాగేసుకుంటారు. పిల్లల వ్యాను మళ్ళీ నాకు ఇవ్వరు. నువ్వు కొత్తగా చెప్పాల్సిందేం లేదు. చెప్పిందే చెప్పు."

"అలాగే బావగారూ" అంది చిట్టి. ఇంకేమనగలదు?

ఆ మాట మొదలు ఇంట్లో ఆమె విలువ పెరిగిపోయింది. తోడికోడలు అంట్లు తోమనివ్వడం మానేసింది. "నువ్వు పనికెళ్ళి అలిసొస్తావు, కూర్చో చిట్టీ" అని కంచం చేతికిచ్చేది. అత్తగారు తన దిండు తెచ్చి చిట్టి మంచం మీద పెట్టింది. నొప్పి లేకపోయినా మెడకు మంచిదట. ఒక్కొక్క ప్రేమా ఒక్కొక్క మేకులా దిగుతోంది. చిట్టి బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుని ఊరికే నిలబడేది. కాసేపటికి తలుపు మీద టకటక. "చిట్టీ, ఒంట్లో బాగుందా?"

వర్క్‌షాపులో కూడా అదే గోల. అక్కడ ఎప్పుడూ రేడియో మోగుతూ ఉంటుంది. పగటి లైట్ల నిబంధన మీద రోజూ చర్చే. ఫోను చేసిన ఒకాయన బల్బులు ఊరికే మాడిపోతాయన్నాడు. ఇంకొకావిడ, లైట్లు మనం చూడడానికి కాదు, ఎదుటివాళ్ళకు మనం కనపడడానికి అంది. పక్క బల్ల దగ్గర ప్లాస్టర్ అచ్చులు గీకుతున్న సహోద్యోగిని పకపకా నవ్వింది. "మా ఆయన పగలు లైట్లు వేసుకెళ్తే, చెయ్యి ఊపేవాళ్ళకి బదులు చెప్పడానికి ఇంకో మనిషిని పెట్టుకోవాలి. ఏం చిట్టీ, నువ్వేమంటావు?"

చిట్టి చేతిలో మైనపు పన్ను విరిగింది. "నాకేం తెలుసు" అంది.

ఉదయం వ్యానులో చిట్టి కడుపులో తిప్పకుండా కిటికీ తెరుచుకుని, పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చున్నప్పుడు బావగారు అద్దంలోంచి ఆమెను చూస్తూ అడిగేవారు. "విచారణలో ఏమడిగినా తడబడకు. వాన ఆగాక కూడా ఉన్నాయా అంటే?"

"ఉన్నాయంటాను."

"ఎలా తెలుసంటే?"

"అద్దం ముందు వెలుగు కనపడిందంటాను."

"అంతే. మా చిట్టి బంగారం."

ప్రమాదం జరిగినప్పటినుంచీ ఆయన ఎండలో కూడా లైట్లు వేసే వ్యాను నడుపుతున్నారు. ముందు వరసలో కూర్చున్న చిన్నపిల్ల ఒకతె అడిగింది, "మామయ్యా, పగలు లైట్లెందుకు?" అని. బావగారు విననట్టు ఊరుకున్నారు. ఆయన మెడ వెనక చెమట పట్టి కాలరు తడిసిపోవడం చిట్టి చూసింది. తాను ఒక్కతే ఇరుక్కుపోలేదని అప్పుడు అర్థమైంది. అది తెలిశాక ఇంకా కష్టమనిపించింది.

*

ఒక మధ్యాహ్నం పళ్ళ డాక్టరు వర్క్‌షాపుకు ఫోను చేశాడు. ముందు పళ్ళు నాలుగు పోయినావిడ ఉందనీ, తుంటి విరిగి మంచం మీద ఉంది కాబట్టి తానే ఇంటికి వెళ్తున్నాననీ, పళ్ళ రంగు సరిచూడడానికి ఒక మనిషిని పంపమనీ అడిగాడు. పళ్ళ రంగు పోల్చడంలో చిట్టి కన్ను మంచిదని ఓనరు ఆమెనే పంపాడు. తెలుపుల్లో తేడాలు పట్టుకోవడమే ఆమె పని. నమూనా పళ్ళు గుచ్చిన పట్టీ సంచిలో వేసుకుని డాక్టరు కారెక్కింది.

"ఎవరండీ ఆవిడ?" అని అడిగింది, ఊరికే.

"ఈత నేర్పే టీచరమ్మ లేదూ, ఆవిడే. చెట్ల రోడ్డులో కారు గుద్దింది" అన్నాడు డాక్టరు.

కారు వెళ్తోంది. దిగిపోతానని చెప్పడానికి కారణం దొరకలేదు. ఆ ఇంటి ముందు కారు ఆగేవరకూ చిట్టి వెతుకుతూనే ఉంది.

టీచరమ్మ చెల్లెలు తలుపు తీసింది. గదిలో మంచం కిటికీ పక్కన వేశారు. టీచరమ్మ భుజాలు వెడల్పుగా, మనిషి ఎత్తుగా, ఆ మంచానికి పెద్దదై ఉంది. పై పెదవి మీద ఇంకా కుట్ల గుర్తులు. చిట్టిని చూసి ఆవిడకు ఏమీ గుర్తు రాలేదు. ఎలా వస్తుంది? ఆ రోజు చిట్టి ఆవిడ దగ్గరికే వెళ్ళలేదు.

చిట్టి మంచం అంచున కూర్చుని, పట్టీలోంచి ఒక్కొక్క పన్నూ ఆవిడ పెదవి దగ్గర పెట్టి చూడసాగింది. మోచెయ్యి దిండుకు ఆనించుకుంది.

"మరీ తెల్లటివి పెట్టకమ్మా" అంది టీచరమ్మ. పళ్ళ సందులోంచి గాలి పోతూ మాట మెత్తగా వస్తోంది. "ఈత కొలను నీళ్ళలో కలిపే మందుకి నా పళ్ళు ఏనాడో పసుపెక్కాయి. తెల్లగా మెరిస్తే పిల్లలు నవ్వుతారు." తర్వాత తనే, "ఇక పిల్లలెక్కడ, కొలనెక్కడ" అంది.

"కాలు బాగయ్యాక వెళ్తారు కదా?" అన్నాడు డాక్టరు.

"కాలు కాదు డాక్టరుగారూ. నేనే రానని చెప్పేశాను." ఆవిడ కిటికీ వైపు చూసింది. "ఆ రోజు నేను చూశాను. అటు చూశాను, ఇటు చూశాను. రోడ్డు ఖాళీ. నా తల మీద ఒట్టేసి చెప్పమన్నా చెబుతాను. కానీ ఆ కారు లైట్లు వేసుకునే వస్తోందట. చూసిన మనిషి ఉందట. లైట్లు వేసుకుని ఎదురుగా వస్తున్న కారు నాకు కనపడలేదంటే నేనేం చూస్తున్నట్టు? కళ్ళు పరీక్ష చేయించుకున్నా. బాగున్నాయన్నారు. అంటే బుర్రలోనే ఏదో పోయింది. కొలనులో పిల్లల తలలన్నీ పైకీ కిందికీ అవుతుంటాయి. ఒక తల కిందికి వెళ్ళి రాకపోతే నాకు తెలియాలి. నా ఉద్యోగమే అది. కారునే చూడలేనిదాన్ని, తలను చూస్తానా? ఏ తల్లయినా ఎలా నమ్ముతుంది? నేనే నమ్మను."

చెల్లెలు గుమ్మంలో నిలబడి, "రోజూ ఇదే పాటండీ. రోడ్డు బొమ్మ గీయమంటుంది, కారు ఎక్కడుందో చూపించమంటుంది" అంది.

చిట్టి నోరు తెరిచింది. మాట గొంతు దాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే డాక్టరు, "నోరు కదపకండి, రంగు చూస్తోంది కదా" అని టీచరమ్మను కసిరాడు. ఆవిడ బుద్ధిగా నోరు తెరిచి కదలకుండా ఉండిపోయింది. చిట్టి వేళ్ళు ఆవిడ నోట్లో ఉన్నాయి. వచ్చిన మాట వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇది సరిపోతుంది" అంది, కొంచెం పసుపు ఉన్న పన్ను చూపించి.

"మంచి కళ్ళమ్మా నీవి" అంది టీచరమ్మ.

*

ఆ సాయంత్రం చిట్టి ఆరిన బట్టలు తేవడానికి డాబా మీదికి వెళ్ళింది. భర్తను కూడా రమ్మంది. ఇద్దరూ ఒంటరిగా మాట్లాడుకోగల చోటు ఆ ఇంట్లో అదొక్కటే. అదీ మెట్ల దగ్గర ఎవరూ లేకపోతేనే.

"ఏవండీ, ఆ రోజు లైట్లు లేవు" అంది. ఎలా ఆపారో, ఎవరు ఆపమన్నారో అంతా చెప్పింది. టీచరమ్మ మాటలూ చెప్పింది.

అతను చాలాసేపు ఒక దుప్పటిని మడత పెట్టి, విప్పి, మళ్ళీ మడత పెట్టాడు. "నాకెందుకు చెప్పావు?" అన్నాడు చివరికి. "నాకు తెలియకుండా ఉంటే నేను నీ పక్కనా ఉండేవాణ్ణి, అన్నయ్య పక్కనా ఉండేవాణ్ణి."

"మరి ఎవరికి చెప్పను?"

నాన్న పోయాక అతన్ని చదివించింది అన్నయ్యేనని ఆమెకు తెలుసు, మళ్ళీ చెప్పక్కర్లేదు. "నిన్ను ఇలా చెప్పు, అలా చెప్పు అనను" అన్నాడు. "కానీ ఒకటి ఆలోచించుకో. విచారణ ఒక పూటలో అయిపోతుంది. ఆ తర్వాత మనం ఉండాల్సింది ఈ ఇంట్లోనే. ఆ గదిలోనే."

"వేరే ఎక్కడికైనా..."

"ఎక్కడికి?" అన్నాడు. అందులో కోపం లేదు. నిజంగానే అడిగాడు. ఇద్దరూ చుట్టూ చూశారు, చుట్టుపక్కల డాబాల్లో ఎక్కడో సమాధానం ఆరేసి ఉన్నట్టు.

కింది నుంచి తోడికోడలు కేకేసింది. "చిట్టీ, బట్టలు నేను తెస్తానుగా, నువ్వెందుకు ఎక్కావు?"

*

విచారణ రోజున తోడికోడలు చిట్టి బట్టలు తనే ఇస్త్రీ చేసింది. భర్త పనికి పోకుండా ఇంట్లోనే ఉండిపోయాడు. తనతో రాడని ఆమెకు ముందే తెలుసు. బాగుచేయించిన బూడిదరంగు కారులో బావగారు, ఆయన పక్కన చిట్టి, వెనక తోడికోడలు. నడినెత్తిన ఎండ. బావగారు లైట్లు వేసుకునే బయలుదేరారు. ఎదురుగా వచ్చిన ఎవరో అరచెయ్యి తెరిచి మూశారు. బావగారు స్టీరింగు మీద నుంచి చెయ్యి తియ్యలేదు.

రవాణా ఆఫీసులో విచారణ గది ఇరుకు. తలుపు గడియ పడదు కాబట్టి గుమాస్తా ఒక కుర్చీ అడ్డం పెట్టాడు. బల్ల వెనక ఉన్న అధికారి నడివయసు ఆవిడ. మెడలో కళ్ళజోడు వేలాడుతోంది. టీచరమ్మను చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. కొత్త పళ్ళు పెట్టుకుంది. చక్కగా అమరాయి.

ముందు బావగారిని అడిగారు. ఆయన చెప్పిందే చెప్పారు. గొంతు గట్టిగానే ఉంది. తర్వాత చిట్టిని పిలిచారు. ఆమె లేచి బల్ల ముందుకు రాగానే టీచరమ్మ తలెత్తి చూసింది.

"మీరు... పళ్ళ డాక్టరుగారితో వచ్చారు కదూ?"

గదిలో అందరూ చిట్టినే చూశారు. బావగారు కూడా. ఆ సంగతి ఆయనకు తెలియదు.

"మీకు పరిచయమా?" అంది అధికారి.

"ఆవిడ పళ్ళు నేనే చేశానండీ" అంది చిట్టి. "నేనెవరో అప్పుడు చెప్పలేదు."

అధికారి కళ్ళజోడు పెట్టుకుని కాగితం చూసింది. "కారు లైట్లు వెలుగుతున్నాయని మీరు పోలీసుకు చెప్పారు. అవునా?"

"చెప్పలేదండీ. తలూపాను." ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "తలూపడం కూడా చెప్పడమే లెండి. కానీ లైట్లు లేవు. వానలో ఉన్నాయి. వాన ఆగాక ఎదురొచ్చేవాళ్ళంతా చెయ్యి చూపిస్తుంటే, ఆ సంగతి నేనే చెప్పాను బావగారికి. నేను చెబితేనే ఆయన ఆపారు. ఆ బోర్డు కూడా చూశాను. చూసి ఊరుకున్నాను. ఈవిడ మా వైపు చూశారు. చూసే వచ్చారు. ఆ నీడలో మేము కనపడలేదు."

వెనక నుంచి తోడికోడలు, "ఓసి నీ..." అని మధ్యలోనే ఆపేసింది.

టీచరమ్మ కళ్ళు మూసుకుంది. తర్వాత చెల్లెలి చెయ్యి పట్టుకుని ఊపింది. "ఖాళీగానే ఉంది. చెప్పానా? రోడ్డు ఖాళీగానే ఉంది. నేను చూశానే." ఆవిడ నవ్విందో ఏడ్చిందో తెలియలేదు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి మొహం గట్టిపడింది. "మా ఇంటికొచ్చి, నా మంచం మీద కూర్చుని, నా నోట్లో చెయ్యి పెట్టావు" అంది చిట్టితో. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "నేను అన్నేసి మాటలు చెప్పాను. పిచ్చిదాన్నయ్యానని చెప్పుకున్నాను. నీకు నోరు రాలేదా?"

అధికారి చిట్టిని, బావగారిని ఇద్దరినీ మందలించింది. తప్పుడు మాట చెప్పినందుకు ఏమవుతుందో వివరించి, నిర్ణయం తర్వాత పంపుతానంది.

బయటికొచ్చాక చిట్టి కారు వెనక తలుపు తీయబోయింది.

"ముందే కూర్చో" అంది తోడికోడలు. "మళ్ళీ నా మీద కక్కుతావు."

ఒకప్పుడు ఆ మాటకు ముగ్గురూ నవ్వేవారు. చిట్టి ముందే కూర్చుంది. కిటికీ దించడానికి కూడా ధైర్యం చాలలేదు. పక్కన బావగారి ఊపిరి వినపడుతోంది.

*

బావగారి లైసెన్సు కొన్నాళ్ళకు రద్దు చేశారు. పిల్లల వ్యాను వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది. ఆయన ఒక టైర్ల షాపులో సరుకు చూసే పనిలో చేరారు. సాయంత్రం ఇంటికొస్తే చేతులకు రబ్బరు వాసన. చిట్టి పనికి బస్సులో వెళ్ళసాగింది.

ఇంట్లో ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. పొమ్మనలేదు. అంట్లు మళ్ళీ ఆమె వంతుకొచ్చాయి. దానికి ఆమె లోలోపల సంతోషించింది కూడా. అత్తగారు దిండు తీసుకెళ్ళిపోయింది. తోడికోడలు కంచం పెట్టేది, చేతికిచ్చేది కాదు. అందరూ రోజుకు పదిసార్లు ఆ మధ్య గదిలోంచే అటూ ఇటూ వెళ్ళేవారు. మంచం మీద ఎవరూ లేనట్టు వెళ్ళేవారు. అత్తగారు కూడా ఇప్పుడు ఏమీ అరవకుండా వెళ్తోంది. ఆ మౌనానికే చిట్టికి మెలకువ వచ్చేసేది. భర్త మాత్రం మామూలుగానే ఉన్నాడు. మామూలుగా ఉండడానికి అతనెంత కష్టపడుతున్నాడో ఆమెకు కనపడుతూనే ఉంది.

వర్క్‌షాపులో ఒకరోజు పళ్ళ డాక్టరు చెప్పాడు, టీచరమ్మ చేతికర్రతో మళ్ళీ కొలనుకు వెళ్తోందని. గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటుందట. చిట్టి ఒక సెలవు రోజు మధ్యాహ్నం అటు వెళ్ళింది. కంచె బయటినుంచి చూసింది. నీళ్ళ నిండా తలలు. టీచరమ్మ ఈల నోట్లో పెట్టుకుని కళ్ళార్పకుండా చూస్తోంది. ఒకసారి ఆవిడ చూపు కంచె దాకా వచ్చింది. చిట్టిని చూసింది, గుర్తుపట్టింది. పలకరించలేదు. చూపు మళ్ళీ నీళ్ళ మీదికి తిప్పుకుంది.

ఆ తర్వాత ఎన్నాళ్ళకో, ఒక ఆదివారం పొద్దున చిట్టి మంచం మీద కూర్చుని బట్టలకు గుండీలు కుడుతోంది. బావగారు వంటింట్లోకి వెళ్తూ గది మధ్యలో ఆగారు. ఆమె లేచి నిలబడబోయింది. కూర్చోమన్నట్టు చెయ్యి ఊపారు.

"ఆ రోజు అక్కడ నువ్వు చెప్పింది నాకు సరిగ్గా వినపడలేదు" అన్నారు గోడను చూస్తూ. "లైట్లు లేవు అన్నాక చెవుల్లో హోరు. ఆ తర్వాత ఏమన్నావో తెలియదు. మీ అక్కను అడిగాను, తనకీ గుర్తు లేదంది. చెయ్యి చూపిస్తున్నారని నువ్వే నాకు చెప్పావు కదా. ఆ మాట అన్నావా?"

"అన్నాను బావగారూ. నేను చెబితేనే ఆపారని చెప్పాను. బోర్డు చూసి ఊరుకున్నానని కూడా చెప్పాను."

ఆయన తల పంకించారు. బొటనవేలి గోట్లో నల్లగా ఉన్న మురికిని గీకారు.

"నా ఒక్కడి మీదే పెట్టావేమో అనుకున్నాను" అన్నారు. "ఇన్నాళ్ళూ అదే అనుకున్నాను."

"లేదు బావగారూ."

"సరే అయితే."

వంటింట్లోకి వెళ్ళిపోయారు. అక్కడ తోడికోడలు గొంతు తగ్గించి అడగడం చిట్టికి వినపడింది, "ఏమంటోంది?" అని.

"ఏం లేదు" అన్నారు బావగారు. "కాసిన్ని మంచినీళ్ళు ఇవ్వు. చిట్టికీ ఒక గ్లాసు పట్టుకెళ్ళు."